లంగరు ఎందుకు జారుతుంది? అమెరికా తీర జలమార్గంలో పడవ నిలపడం వెనుక ఉన్న లెక్కలు

2020 అక్టోబరులో తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటిన రోజున, విశాఖపట్నం తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు ఒక ఓడ కొట్టుకొచ్చి రాళ్ల మధ్య ఇరుక్కుంది. బంగ్లాదేశ్‌కు చెందిన 'మా' అనే సరుకుల ఓడ అది. అందులోని 15 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. దాన్ని చూడటానికి వారాల తరబడి జనం వెళ్లారు. వెళ్లిన వాళ్లలో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: అంత పెద్ద ఓడకు లంగరు ఉంటుంది కదా, మరి ఎలా కొట్టుకొచ్చింది?

లంగరు వేయడమంటే బరువైన ఇనుప ముక్కను నీళ్లలో పడేయడమే అని మనలో చాలామంది అనుకుంటాం. ఆ బరువే ఓడను ఆపుతుందనుకుంటాం. అది నిజం కాదు కాబట్టే ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. లంగరు జారడం వెనుక గాలి, నీటిలోతు, తాడు పొడవు, అడుగున ఉన్న మట్టి, ఆటుపోట్లు అన్నీ కలిసి పనిచేస్తాయి. ఈ లెక్కలన్నీ ఒకేచోట, అదీ చిన్న పడవల స్థాయిలో కనిపించేది అమెరికా తూర్పు తీరంలో. అక్కడ ఏటా శరదృతువులో వందలాది కుటుంబాలు సొంత పడవల్లో దక్షిణానికి బయల్దేరి, రాత్రికో వాగులో లంగరు వేసుకుంటూ వెళ్తాయి. అందుకే ఈ వ్యాసానికి ఆ దారినే ఎంచుకున్నాను.

సముద్రం పక్కనే, సముద్రంలోకి వెళ్లకుండా

ఆ దారి పేరు అట్లాంటిక్ ఇంట్రాకోస్టల్ వాటర్‌వే. వర్జీనియాలోని నార్ఫోక్ దగ్గర సున్నా మైలుతో మొదలై, నార్త్ కరొలైనా, సౌత్ కరొలైనా, జార్జియా, ఫ్లోరిడాల గుండా మయామీకి చేరేసరికి దాదాపు 1,090 మైళ్లవుతుంది. ఇదంతా తవ్విన కాలువ కాదు. నదులు, ఉప్పుటేర్లు, తీరానికీ ఇసుక దీవులకూ మధ్య ఉన్న మడుగులు, వాటిని కలుపుతూ తవ్విన కాలువలు కలిసి ఒక మార్గం అయ్యాయి. బయట సముద్రం ఎంత ఉగ్రంగా ఉన్నా లోపల చిన్న పడవలు నడవగలగాలి, అంతే దాని ఉద్దేశం.

మనకు ఇది కొత్త ఆలోచన కాదు. కాకినాడ, ఏలూరు, కొమ్మమూరు కాలువలు, వాటికి దక్షిణాన బకింగ్‌హామ్ కాలువ కలిసి తీరానికి సమాంతరంగా పుదుచ్చేరి వైపు సాగేది సరిగ్గా ఇలాంటి జలమార్గమే. మనది చాలాచోట్ల పూడిపోయింది, వాళ్లది ఇంకా వాడుకలో ఉంది. ఫ్లోరిడాలోనో నార్త్ కరొలైనాలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన వాళ్లు తీరానికి వెళ్లేటప్పుడు ఎత్తైన వంతెనల మీదుగా దీన్ని దాటే ఉంటారు.

కాగితం మీద నార్ఫోక్ నుంచి ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్ దాకా 12 అడుగుల లోతు, అక్కడి నుంచి మయామీ దాకా 10 అడుగులు ఉండాలి. పూడిక తీసే బాధ్యత అమెరికా సైన్యానికి చెందిన ఇంజినీర్ల విభాగానిది. కానీ సముద్రపు మొగలు కలిసే ప్రతిచోటా ఆటుపోట్లు ఇసుకను లోపలికి తోస్తూనే ఉంటాయి. తవ్వకాలకు నిధులు ఎప్పుడూ చాలవు. జార్జియాలోని హెల్ గేట్, లిటిల్ మడ్ రివర్, జెకిల్ క్రీక్ అనే పేర్లు వింటే ఆ దారిలో తిరిగేవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. అక్కడ ఆటు సమయంలో కాగితం మీది లోతులో సగం కూడా దొరకని సందర్భాలున్నాయి.

పట్టు ఉన్నది బరువులో కాదు, కోణంలో

నాగలిని గుర్తు చేసుకోండి. ఎద్దులు ముందుకు లాగుతుంటే కర్రు నేలలోకి దిగుతుంది. మేడి నొక్కి కర్రు కొనను పైకి లేపితే నాగలి నేల విడిచి పైకొస్తుంది. లంగరూ అంతే. అడుగున పడుకుని, నేలకు సమాంతరంగా లాగుతున్నంతసేపు మట్టిలోకి ఇంకా దిగుతుంది. పైకి లాగితే ఊడొస్తుంది. నిజానికి మనం లంగరు ఎత్తుకునే పద్ధతి కూడా అదే, తాడును నిలువుగా చేసి పైకి లాగడం. ఈ లెక్కను శాస్త్రీయంగా పట్టించుకున్న వారిలో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ ఒకరు. ద్రవగతి శాస్త్రంలో పెద్ద పేరున్న ఆయన, 1933లో నాగలి ఆకారంలో ఉన్న 'సీక్యూఆర్' లంగరును రూపొందించాడు. తన కంటే ఎన్నో రెట్లు బరువైన సంప్రదాయ లంగర్లు చేసే పని అది చేసేది.

కాబట్టి అసలు ప్రశ్న లంగరు ఎంత బరువన్నది కాదు, తాడు ఏ కోణంలో లాగుతోందన్నది. ఆ కోణాన్ని నిర్ణయించేది తాడు పొడవుకూ లోతుకూ ఉన్న నిష్పత్తి. పడవల వాళ్లు దీన్ని స్కోప్ అంటారు. లోతుకు ఏడు రెట్లు తాడు వదిలితే, బిగుసుకున్న తాడు నేలతో చేసే కోణం దాదాపు 8 డిగ్రీలు. ఐదు రెట్లయితే 11 దాటుతుంది, మూడు రెట్లయితే 19 దాటుతుంది. రెండు రెట్లే వదిలితే 30 డిగ్రీలు. ఆ కోణంలో లాగుడు పడితే ఎంత మంచి లంగరుకైనా పట్టు చాలావరకు పోతుంది.

ఇక లాగుడు ఎంత? గాలి వేగం రెట్టింపైతే పడవ మీద పడే బలం నాలుగింతలవుతుంది. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ పట్టిక ప్రకారం 30 అడుగుల పడవ లంగరు మీద, 15 నాట్ల గాలిలో, అంటే గంటకు సుమారు 28 కిలోమీటర్ల వేగంలో, 175 పౌండ్ల లాగుడు పడుతుంది. 30 నాట్లకు అది 700 పౌండ్లు. 42 నాట్లకు 1,400. సాయంత్రం హాయిగా వీచే గాలిలో నిలబడిన లంగరు అర్ధరాత్రి ఉరుముల వానలో ఎందుకు జారుతుందో ఈ మూడు అంకెలు చెబుతాయి.

లోతు అనే అంకె నిలకడగా ఉండదు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. విశాఖలో ఆటుకూ పోటుకూ మధ్య తేడా పౌర్ణమి, అమావాస్యలప్పుడు కూడా సుమారు మీటరున్నర. జార్జియాలో అది 7 నుంచి 9 అడుగులు. అక్కడ తీరం లోపలికి వంగి ఉంటుంది, దాని ముందు సముద్రం చాలా దూరం దాకా లోతు లేకుండా సాగుతుంది. అందుకే పోటు నీరు ఆ వంపులో పోగుపడి ఎత్తుగా లేస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 35 అడుగుల తెరచాప పడవ సాయంత్రం ఆరింటికి జార్జియాలో ఒక ఉప్పుటేరులోకి వచ్చింది. అప్పుడు పూర్తి ఆటు. లోతు చూపే యంత్రం 8 అడుగులు చూపించింది. ఐదు రెట్లు చాలనుకుని యజమాని 40 అడుగుల తాడు వదిలాడు. లెక్క బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ తాడు మొదలయ్యేది నీటి మట్టం దగ్గర కాదు, పడవ ముందు కొన దగ్గర. అది నీటికి 4 అడుగుల ఎత్తులో ఉంది. అర్ధరాత్రికి పోటు నీరు మరో 8 అడుగులు లేచింది. ఇప్పుడు నేల నుంచి పడవ ముక్కు దాకా 8 + 8 + 4, మొత్తం 20 అడుగులు. వదిలిన తాడు 40 అడుగులే. ఐదు రెట్లనుకున్నది రెండు రెట్లయింది, కోణం 30 డిగ్రీలు. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు, గాలి కూడా పెరగలేదు. అయినా పట్టు పోయింది.

ఏడు రెట్ల ప్రకారం వదలాల్సింది 140 అడుగులు, ఐదు రెట్లకైనా 100.

పోటు సమయంలో వచ్చినవాళ్లకు ముప్పు మరోవైపు నుంచి ఉంటుంది. యంత్రం 12 అడుగులు చూపిస్తుంది, పడవ అడుగు నీటిలోకి 5 అడుగులు దిగి ఉంటుంది, బోలెడంత నీరుందని పడుకుంటారు. తెల్లవారుజామున నీరు 8 అడుగులు తగ్గేసరికి మిగిలేది 4 అడుగులు. పడవ బురదలో కూర్చుంటుంది.

తాడు పెంచితే చోటు చాలదు

అయితే 140 అడుగులు వదిలేస్తే సరిపోదా? సరిపోదు. ఎందుకంటే పడవ లంగరు చుట్టూ తిరుగుతుంది. 140 అడుగుల తాడుకు పడవ పొడవు 35 కలిపితే వ్యాసార్థం 175 అడుగులు, వృత్తం అడ్డంగా 350 అడుగులు. ఒడ్డు నుంచి ఒడ్డుకు 400 అడుగులున్న వాగులో ఆటు సమయంలో పడవ తేలే లోతు బహుశా మధ్యలో 250 అడుగుల మేరే ఉంటుంది. లోతు పొడవైన తాడు అడుగుతుంది, వెడల్పు పొట్టి తాడు అడుగుతుంది. తీర జలమార్గంలో లంగరు వేయడం కష్టం అనడానికి నా దృష్టిలో అసలు కారణం ఈ పేచీయే. విశాలమైన అఖాతంలో ఇది ఉండదు. హోప్ ఐలాండ్ చాటున కాకినాడ యాంకరేజ్‌లో నిలిచే ఓడలకు తిరగడానికి కావాల్సినంత చోటుంది.

దీనికి ఒక పాత ఉపాయం ఉంది. రెండు లంగర్లు, ఒకటి ప్రవాహానికి ఎగువన, ఒకటి దిగువన వేసి రెండు తాళ్లనూ పడవ ముక్కుకే కట్టడం. బహామా దీవుల పేరుతో పిలిచే ఈ పద్ధతిలో పడవ దాదాపు ఉన్నచోటే తిరుగుతుంది. దీన్ని సమర్థించేవాళ్లు ఇరుకు వాగుల్లో ఇంతకంటే మార్గం లేదంటారు. వ్యతిరేకించేవాళ్ల వాదనా తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. నాలుగు ఆటుపోట్లు గడిచేసరికి రెండు తాళ్లూ మెలిపడతాయి. అర్ధరాత్రి గాలివాన వస్తే చప్పున బయటపడలేరు. పైగా చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్క లంగరు మీద పెద్ద వృత్తంలో తిరుగుతుంటే, కదలకుండా నిలిచిన ఒక్క పడవే అందరికీ అడ్డవుతుంది. ఖాళీ వాగులో మొదటి వాదన బలమైనది, పదిమంది ఉన్నచోట రెండోది.

పక్కపక్క పడవలు ఒకేలా తిరగకపోవడం మరో చిక్కు. నీటిలోకి లోతుగా దిగి ఉండే తెరచాప పడవ ప్రవాహం మాట వింటుంది. నీటి పైన ఎత్తుగా ఉండి నీటిలోకి తక్కువగా దిగే మోటారు పడవ గాలి మాట వింటుంది. గాలి, ప్రవాహం ఎదురెదురుగా ఉన్న రాత్రి ఈ రెండూ ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. తాకిడి జరిగాక లంగరు జారిందని ఇద్దరూ ఒకరినొకరు అంటారు. చాలాసార్లు ఏ లంగరూ జారి ఉండదు.

రోజుకు నాలుగుసార్లు దిశ మారే లాగుడు

ఆటు నుంచి పోటుకు, పోటు నుంచి ఆటుకు సుమారు ఆరు గంటల పన్నెండు నిమిషాలకోసారి ప్రవాహం తిరగబడుతుంది. సాయంత్రం ఉత్తరానికి లాగి, బాగా దిగిందని తృప్తిపడిన లంగరును అర్ధరాత్రి ప్రవాహం దక్షిణానికి లాగుతుంది. అప్పుడు లంగరు మట్టిలోనే మెల్లగా తిరగొచ్చు, లేదా ఊడి మళ్లీ దిగొచ్చు, లేదా ఊడి దిగకపోవచ్చు.

రెక్కల్లా రెండు పలకలుండే డాన్‌ఫోర్త్ లంగరు రెండో ప్రపంచ యుద్ధంలో తీరానికి సైన్యాన్ని దించే పడవల్లో పేరు తెచ్చుకుంది. మెత్తని నేలలో, ఒకే దిశలో లాగినంతసేపు, దాని బరువుకు అది ఇచ్చే పట్టు అద్భుతం. దిశ తిరగబడినప్పుడు మాత్రం పలకల మధ్య బంకమట్టి ముద్దో, గవ్వో ఇరుక్కుంటే రెండోసారి దిగదు. గత పాతికేళ్లలో వచ్చిన, పైన వంపు కడ్డీ ఉన్న రాక్నా లాంటి లంగర్లు పక్కకు పడ్డా తమంతట తామే నిటారుగా తిరిగి మళ్లీ దిగేలా తయారయ్యాయి. ఆటుపోట్ల వాగుల్లో వీటి వైపు మొగ్గు పెరగడానికి కారణం అదే. అయినా ఏ లంగరూ అన్ని నేలలకూ పనికిరాదు. గట్టి నాచు పరుచుకున్న చోట కొన పైపైన జారుతుంది. అన్నం గంజిలా పల్చగా ఉన్న బురదలో ఎంత దిగినా పట్టేందుకు ఏమీ ఉండదు.

జారుతోందా లేదా అన్నది తెలుసుకోవడానికి అనుభవజ్ఞులు చేసే పని ఒకటుంది. ముక్కు దగ్గరికి వెళ్లి, బిగిసిన గొలుసు మీద అరచేయి ఆనిస్తారు. లంగరు నిలబడి ఉంటే గొలుసు నిశ్శబ్దంగా బిగుస్తుంది, వదులవుతుంది. జారుతుంటే గరగరమని అదురు చేతికి తెలుస్తుంది. కాసేపు ఆగి, ఒక్కసారిగా గుంజి, మళ్లీ గరగర. పడవ గుర్తు పెట్టిన చోటు నుంచి దూరం జరిగితే మోగే జీపీఎస్ అలారాలు ఫోన్‌లో ఇప్పుడు అందరూ వాడుతున్నారు, మంచిదే. కానీ చాలామంది లంగరు వేసి, పడవ వెనక్కి జరిగి నిలిచాక ఆన్ చేస్తారు. అప్పుడది పడవ ఉన్న చోటును కేంద్రంగా తీసుకుంటుంది, లంగరు పడిన చోటును కాదు. ప్రవాహం తిరగ్గానే పడవ 300 అడుగులు అటు వెళ్తుంది, అలారం మోగుతుంది. రెండు రాత్రులు అలా ఊరికే లేచాక మూడో రాత్రి ఆపేసి పడుకుంటారు.

గొలుసు గొప్పదా, నైలాన్ తాడు గొప్పదా

ఈ వాదన ఎప్పటికీ తెగేలా లేదు. గొలుసు పక్షం వాళ్లు చెప్పేది: గొలుసు తన బరువుకు కిందికి వేలాడుతుంది, ఆ వంపు వల్ల లంగరు దగ్గర లాగుడు నేలకు సమాంతరంగా ఉంటుంది, పైగా ఆల్చిప్పలకూ రాళ్లకూ కోసుకుపోదు. నైలాన్ పక్షం వాళ్లు చెప్పేది: గాలి ముదిరితే గొలుసు కడ్డీలా నిటారుగా సాగిపోతుంది, ఆ వంపు మీకు కావాల్సిన క్షణంలోనే మాయమవుతుంది. అప్పుడు ప్రతి అల కుదుపూ నేరుగా లంగరుకే తగులుతుంది. నైలాన్ సాగుతుంది కాబట్టి కుదుపును మింగుతుంది.

రెండూ నిజమే. ఏది ఎప్పుడు నిజమన్నది లోతును బట్టి ఉంటుంది. లోతైన చోట పొడవైన గొలుసు వేలాడటానికి చోటుంటుంది, వంపు చాలాసేపు నిలుస్తుంది. పది, పదిహేను అడుగుల నీటిలో వంపుకు చోటే లేదు. తీర జలమార్గంలో చాలా మజిలీలు అలాంటివే. తక్కువ లోతులో తక్కువ తాడు చాలన్న భ్రమకు ఇదే విరుగుడు. నిజానికి తక్కువ లోతులోనే నిష్పత్తి ఎక్కువ కావాలి. ఇప్పుడు ఎక్కువమంది పాటించేది మధ్యేమార్గం. నేల మీద రాపిడి పడే భాగంలో గొలుసు ఉంటుంది. పడవ దగ్గర, గొలుసుకు కొక్కెంతో తగిలించిన పాతిక ముప్పై అడుగుల నైలాన్ తాడు కుదుపును తీసుకుంటుంది. నైలాన్ అంచుకు రాసుకుని తెగకుండా గుడ్డో, రబ్బరు గొట్టమో చుడతారు.

నేల తగిలిన గంటను బట్టి కథ మారుతుంది

ఈ దారిలో ఇసుక తగలని పడవ ఉండదంటారు. తగలడం పెద్ద ప్రమాదం కాదు, ఎప్పుడు తగిలిందన్నదే ముఖ్యం.

నీరు సమానంగా తగ్గదు. ఆరు గంటల ఆటును పన్నెండు వంతులుగా చూస్తే మొదటి గంటలో ఒక వంతు, తర్వాత రెండు, మూడు, మూడు, రెండు, చివరి గంటలో ఒక వంతు తగ్గుతుంది. 8 అడుగుల తేడా ఉన్నచోట మూడో గంట ఒక్కదానిలోనే 2 అడుగులు పోతాయి, అంటే పది నిమిషాలకు నాలుగు అంగుళాలు.

పోటు దాటిన రెండు గంటలకు పడవ ఇసుక మేటకు తగిలిందనుకుందాం. అప్పటికి 2 అడుగులు తగ్గింది, ఇంకా 6 అడుగులు తగ్గాలి. అంటే నీటిలోకి 5 అడుగులు దిగే పడవ కింద పూర్తిగా ఇసుక బయటపడుతుంది, పడవ పక్కకు ఒరుగుతుంది. నీరు తగ్గడానికి నాలుగు గంటలు, అదే మట్టానికి రావడానికి మరో నాలుగు. కనీసం ఎనిమిది గంటలు. ఒరిగేది మేట ఎత్తు వైపైతే ఫరవాలేదు. లోతు వైపు ఒరిగితే, తిరిగొచ్చే పోటు పడవ లేవకముందే కిటికీల గుండా లోపలికి చేరగలదు. అందుకే మొదటి పది నిమిషాల్లోనే చిన్న రబ్బరు పడవలో ఒక లంగరును లోతు నీటిలోకి తీసుకెళ్లి వేసి, ఆ తాడు పట్టుకుని తమను తాము లాక్కోవాలని చూస్తారు. లంగరు పడవను ఆపడానికే కాదు, కదిలించడానికీ పనికొస్తుంది.

అదే మేట నీరు పెరుగుతున్న మూడో గంటలో తగిలితే? టీ తాగి లేచేసరికి పడవ తేలుతుంది.

ప్రాణాపాయం లేకపోతే అమెరికా కోస్ట్ గార్డ్ లాగి పెట్టదు, ప్రైవేటు పడవలను పిలుచుకోమంటుంది. ఏడాది సభ్యత్వం ఉంటే మామూలు లాగుడు ఉచితం. అయితే పడవ ప్రమాదంలో ఉన్నప్పుడు కాపాడితే అది లాగుడు కాదు, సముద్ర చట్టం ప్రకారం రక్షణ కింద లెక్క. దానికి రుసుము పడవ విలువలో వాటాగా అడగొచ్చు. ఒకే ఇసుక మేట, ఒకే పడవ, కానీ బిల్లు ఎన్నో రెట్లు మారుతుంది. ఏ పద్ధతిలో లాగుతున్నారో తాడు అందుకునే ముందే అడగడం అక్కడ అందరికీ తెలిసిన మర్యాద.

ఎక్కడ నిలపాలన్నది చట్టమూ చెబుతుంది

చివరి చిక్కు ప్రకృతిది కాదు. ఫ్లోరిడాలో ఒడ్డున కోట్ల విలువైన ఇళ్లున్నవాళ్లకూ, ఆ ఇళ్ల ముందు లంగరు వేసేవాళ్లకూ ఏళ్లుగా వివాదం నడుస్తోంది. ఒడ్డువాసుల బాధ అర్థం చేసుకోదగ్గదే. వదిలేసిన పాత పడవలు తుపానుకు తెగి తమ కట్టుడు గట్ల మీద పడతాయి, మురుగు నీటిలోకి వస్తుంది, తొలగించే ఖర్చు ప్రజలది. పడవల వాళ్లు చెప్పేదీ న్యాయమే. నీరు అందరిదీ, రాత్రి గాలివాన వచ్చినప్పుడు చాటున్న చోట ఆగడం భద్రతకు సంబంధించిన విషయం, వదిలేసిన పడవకూ మనుషులుంటున్న పడవకూ ఒకే నిబంధన పెడితే ఎలా అంటారు.

2009లో స్థానిక సంస్థలు సొంతంగా ఆంక్షలు పెట్టకుండా రాష్ట్ర చట్టం అడ్డుకుంది. 2016లో మయామీ, ఫోర్ట్ లాడర్‌డేల్ ప్రాంతాల్లోని కొన్ని చోట్ల రాత్రి లంగరు వేయడాన్ని నిషేధించింది. 2017లో పడవలు నిలిపి ఉంచే మెరీనాలకూ, పడవలు నీటిలోకి దించే రేవులకూ 150 అడుగుల లోపు, పడవలు కట్టుకోవడానికి తేలే బోయాలు ఏర్పాటు చేసిన ప్రభుత్వ మూరింగ్ ప్రాంతాల హద్దుకు 100 అడుగుల లోపు లంగరు వేయకూడదని రాష్ట్రమంతటికీ నియమం పెట్టింది.

150 అడుగులంటే తక్కువే అనిపిస్తుంది. కానీ మన ఉదాహరణలోని పడవకు తిరిగే వ్యాసార్థమే 175 అడుగులు. సాయంత్రం రేవుకు 200 అడుగుల దూరంలో లంగరు పడేసి, ప్రవాహం పడవను రేవుకు దూరంగా తోసినప్పుడు నియమం పాటించినట్టే కనిపిస్తుంది. ప్రవాహం తిరిగాక పడవ వెనుక భాగం రేవుకు 25 అడుగుల్లోకి వస్తుంది. ఆ 150 అడుగులు అన్ని వేళలా దక్కాలంటే లంగరు పడాల్సింది 325 అడుగుల దూరంలో. ఇరుకు వాగులో అంత దూరం జరిగితే చాలాసార్లు అవతలి ఒడ్డు బురద వస్తుంది, లేదా పడవలు వెళ్లే ప్రధాన మార్గం వస్తుంది. ఆ మార్గంలో లంగరు వేయకూడదని మరో నియమం ఉంది.